రేవులు సరే, ఓడల యజమానులేరీ?

నెల్లూరు జిల్లాలో రేవు గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ నేల మీదే నిలబడి మాట్లాడుతాం. ఎవరి భూములు పోయాయి, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, ముత్తుకూరు రోడ్డు మీద బొగ్గు లారీలు లేపే దుమ్ముకు ఎవరు జవాబు చెప్పాలి, నవయుగ వారి కృష్ణపట్నం అదానీల చేతికి ఎట్లా వెళ్ళింది, రామాయపట్నం పనులు ఎప్పటికి పూర్తవుతాయి. ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే, నేనూ పదే పదే అడిగినవే. అయితే 2008లో కృష్ణపట్నంలో సరుకు దిగడం మొదలైన నాటి నుంచి నేటి వరకు మన పత్రికల్లో గానీ, రాజకీయ సభల్లో గానీ, టీ కొట్ల దగ్గర గానీ నేను వినని ప్రశ్న ఒకటుంది. ఆ బెర్తులకు వచ్చి ఆనుతున్న ఓడలు ఎవరివి? వాటి మీద వచ్చే కిరాయి ఎవరి ఇంటికి చేరుతోంది? వాటిలో ఒక్కటైనా మన తీరం మనిషిది ఎందుకు కాలేదు?

నా వాదం మొదటే చెప్పేస్తాను. బొగ్గు, ఇనుప ఖనిజం, ఎరువులు, ధాన్యం వంటి విడి సరుకును మోసే బల్క్ ఓడల వ్యాపారానికి కుటుంబాల చేతిలో ఉండే ప్రైవేటు కంపెనీలే బాగా సరిపోతాయని, అటువంటి కంపెనీలు నెల్లూరు, ప్రకాశం తీరంలో పుట్టాలని, పుట్టేందుకు ప్రభుత్వం తోడ్పడాలని నేను నమ్ముతున్నాను. ఆ తోడ్పాటుకు ఒక్కటే షరతు ఉండాలి: ఓడ వెనక ఉన్న అసలు యజమాని ఎవరో అందరికీ తెలిసి తీరాలి. ప్రైవేటు యాజమాన్యం వేరు, అజ్ఞాత యాజమాన్యం వేరు. మొదటిది ఈ వ్యాపారానికి బలం, రెండవది ఈ వ్యాపారానికి పట్టిన చీడ.

ముందు సరుకు పరిమాణం ఎంతటిదో చూద్దాం. నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. మూడూ పూర్తి భారంతో నడిస్తే రోజుకు పాతిక ముప్ఫై వేల టన్నుల బొగ్గు కావాలి. పనమాక్స్ అని పిలిచే ఓడ ఒక్కటి సుమారు 75,000 టన్నులు తెస్తుంది. గూడ్సు రైలు ఒక రేకుకు దాదాపు 4,000 టన్నులు మోస్తుందనుకుంటే, ఆ ఒక్క ఓడ దింపిన సరుకును తరలించడానికి పంతొమ్మిదో ఇరవయ్యో రైళ్ళు కావాలి. అంతటి సరుకు కూడా ఆ మూడు యూనిట్లకు మూడు రోజులకు మించి రాదు. పక్కనే పైనాపురంలో ఉన్న ప్రైవేటు విద్యుత్ కేంద్రాల అవసరం దీనికి అదనం. కొంత బొగ్గు ఒడిశాలోని తాల్చేరు గనుల నుంచి రైల్లో పారాదీప్‌కు వచ్చి, అక్కడ ఓడెక్కి మన దగ్గర దిగుతుంది. కొంత ఇండోనేషియా నుంచి, మరికొంత దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బే వంటి రేవుల నుంచి వస్తుంది. కృష్ణపట్నం లోతు 1,80,000 టన్నుల తరగతికి చెందిన కేప్‌సైజ్ ఓడలను కూడా తీసుకోగలిగింది. ఇంత లోతున్న రేవు ఇంటి ముంగిట పెట్టుకుని, ఆ లోతును వాడుకునే ఓడల్లో మనకు భాగం లేకుండా బతుకుతున్నాం.

ఓడల ఏజెన్సీ కార్యాలయంలో పనిచేసిన కాలంలో నా చేతి మీదుగా చాలా ఓడల కాగితాలు వెళ్ళాయి. ఓడ వెనకభాగాన రాసి ఉండే, అది నమోదైన ఊరు పేరు మన్రోవియా, మజురో, పనామా, వల్లెట్టా, వీటిలో ఏదో ఒకటి అయ్యేది. రిజిస్ట్రేషన్ పత్రంలో యజమానిగా ఒక కంపెనీ పేరు ఉండేది, ఆ కంపెనీకి ఆ ఓడ తప్ప లోకంలో మరో ఆస్తి ఉండేది కాదు. ఓడను నిర్వహించేది ఇంకో దేశంలోని మేనేజరు. కిరాయికి తీసుకున్నది సింగపూరులోనో జెనీవాలోనో ఉన్న చార్టరరు. అతని దగ్గర నుంచి ఒక్క ప్రయాణానికి మళ్ళీ కిరాయికి తీసుకున్నది బొగ్గు వ్యాపారి. సరుకు దింపుకునే మన జెన్‌కో గానీ, కూలీలతో సరుకు దింపించే స్టివడోర్ గానీ, మాకు ఫోన్ చేసి మంచినీళ్ళ బార్జి అడిగే క్యాప్టెన్ గానీ అసలు యజమానిని చూసిన దాఖలా లేదు.

ఇందులో పనితనం లేదని నేననను. ఆ వ్యాపారంలోని నిఖార్సైన పద్ధతులు చూసి నేను చాలా నేర్చుకున్నాను. ఉదాహరణకు డ్రాఫ్ట్ సర్వే. ఓడలో ఎంత సరుకుందో తూకం వేయడానికి అంత పెద్ద కాటా ఎక్కడా లేదు. ఓడ ఎంత మునిగిందో ముందు, నడుమ, వెనక, రెండు పక్కలా ఆరు చోట్ల గుర్తులు చదివి లెక్క కడతారు. పనమాక్స్ ఓడ ఒక్క సెంటీమీటరు ఎక్కువ మునిగితే 65, 70 టన్నుల తేడా వస్తుంది. నీటి సాంద్రతను కూడా హైడ్రోమీటరుతో కొలవాలి, ఎందుకంటే కండలేరు ఏటి మంచినీళ్ళు సముద్రంలో కలిసే చోట, ముఖ్యంగా ఈశాన్య రుతుపవనాల వానల తర్వాత, ఉప్పదనం మారిపోతుంది. అలల మీద ఊగే గీతలను చదివి, ఓడ చీఫ్ ఆఫీసరూ సర్వేయరూ ఒకే అంకె మీద సంతకం పెట్టే దృశ్యం నాకెప్పుడూ గౌరవం కలిగించింది. కోట్ల రూపాయల సరుకు ఇద్దరు మనుషుల నిజాయితీ మీద చేతులు మారుతోంది. ఆ ఇద్దరికీ పేర్లున్నాయి, సంతకాలున్నాయి. పేరు లేకుండా తప్పించుకునే అవకాశం ఉన్నది యజమాని ఒక్కడికే.

బల్క్ ఓడల వ్యాపారం కంటైనర్ల వ్యాపారం లాంటిది కాదు. కంటైనరు ఓడ బస్సు మాదిరి నిర్ణీత వేళకు నిర్ణీత రేవులకు వెళుతుంది. బల్క్ ఓడకు దారి, వేళ అంటూ ఏమీ ఉండవు, ఎక్కడ సరుకుంటే అక్కడికి పోవలసిందే. అందుకే దాని కిరాయి ఏ రోజుకు ఆ రోజు మార్కెట్ నిర్ణయిస్తుంది. ఆ కిరాయిల ఎగుడుదిగుళ్ళను చూపుతూ లండన్‌లోని బాల్టిక్ ఎక్స్‌చేంజి ప్రకటించే బాల్టిక్ డ్రై సూచీ 2008 మే 20న 11,793కు చేరింది. అదే ఏడాది డిసెంబరు మొదటి వారానికి 663కు పడిపోయింది. కేప్‌సైజ్ ఓడ రోజు కిరాయి ఆ జూన్ నెలలో రెండు లక్షల డాలర్లు దాటింది, ఆ డిసెంబరులో మూడు వేల డాలర్లైనా పలకలేదు. మూడు వేలంటే ఓడ సిబ్బంది జీతాలకూ, బీమాకూ, మరమ్మతులకూ కూడా చాలదు, బ్యాంకు వాయిదా సంగతి చెప్పనక్కరలేదు. 2016 ఫిబ్రవరిలో సూచీ 290కి దిగింది. 2021 అక్టోబరులో మళ్ళీ 5,600 దాటింది. ఒకే మనిషి ఉద్యోగ జీవితంలో ఇన్ని ఎగుడుదిగుళ్ళు చూపించిన వ్యాపారం మరొకటి నాకు తెలియదు.

ఈ ఎగుడుదిగుళ్ళకు మూలం నెల్లూరు వాళ్ళకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. రొయ్య ధర బాగున్న ఏడాది కోట నుంచి అల్లూరు దాకా అందరూ చెరువులు తవ్విస్తారు, పంట చేతికొచ్చేసరికి సరుకు ఎక్కువై ధర పడిపోతుంది. ఓడల్లో జరిగేది సరిగ్గా అదే, కాకపోతే నెలలకు బదులు ఏళ్ళు పడుతుంది. కిరాయి ఆకాశాన్నంటినప్పుడు అందరూ చైనా, జపాన్, కొరియా యార్డుల్లో కొత్త ఓడలకు ఆర్డర్లు పెడతారు. ఆ ఓడలు రెండు మూడేళ్ళకు నీటిలో దిగుతాయి. దిగిన తర్వాత పాతికేళ్ళు అవి మార్కెట్‌లోనే ఉంటాయి. 2008 కిరాయిలు చూసి ఆర్డరు పెట్టిన ఓడలు 2010, 2011, 2012లలో వరసగా వచ్చిపడి, ఆ తర్వాత అయిదారేళ్ళ పాటు ఎవరినీ బతకనివ్వలేదు.

ఇటువంటి వ్యాపారంలో నిలబడాలంటే రెండు గుణాలు కావాలి. మార్కెట్ పడిపోయి అందరూ అమ్ముకుంటున్నప్పుడు ఓడ కొనే ధైర్యం ఉండాలి, మార్కెట్ పెరిగి అందరూ కొంటున్నప్పుడు చేతులు ముడుచుకుని కూర్చునే ఓపిక ఉండాలి. మూడు నెలలకొకసారి లాభం చూపించమని వాటాదారులు అడిగే కంపెనీకి ఈ రెండూ కష్టమే. లాభాలు ఉప్పొంగుతున్నప్పుడు ఓడలు అమ్మేస్తామంటే వాటాదారులు ఒప్పుకోరు, నష్టాల్లో ఉన్నప్పుడు ఓడలు కొంటామంటే బోర్డు ఒప్పుకోదు. పదేళ్ళు లాభం రాకపోయినా కొడుకుల కాలానికి వస్తుందిలే అని ఆలోచించగలిగేది కుటుంబమే. జర్మనీలోని ల్యూబెక్ పట్నంలో 1921లో ఎగాన్ ఓల్డెన్‌డార్ఫ్ మొదలుపెట్టిన కంపెనీ నేటికీ కుటుంబం చేతిలోనే ఉంది, సొంత ఓడలూ కిరాయి ఓడలూ కలిపి వందల సంఖ్యలో నడుపుతోంది. గ్రీకుల సంగతి మరీ విశేషం. ప్రపంచంలో అన్ని దేశాల కన్నా ఎక్కువ ఓడల సామర్థ్యం గ్రీకు యజమానుల చేతిలో ఉంది. అందులో పెద్ద భాగం పొడి సరుకు ఓడలూ, చమురు ఓడలూ. ఆ యజమానుల్లో అధికులు కుటుంబాలే, ఆ కుటుంబాల్లో ఎన్నో కియోస్, ఇనూసెస్ అనే దీవుల నుంచి వచ్చినవే. ఇనూసెస్ మన జువ్వలదిన్నె పాటి ఊరు కూడా కాదు.

అయితే ఆ దీవుల వాళ్ళు తమంతట తామే పైకి రాలేదన్నది గుర్తుంచుకోవాలి. రెండవ ప్రపంచ యుద్ధంలో గ్రీకు ఓడలు చాలావరకు మునిగిపోయాయి. యుద్ధం తర్వాత అమెరికా తన దగ్గర మిగిలిపోయిన లిబర్టీ ఓడలను అమ్మకానికి పెట్టినప్పుడు, 1946-47లో గ్రీకు ప్రభుత్వం పూచీ పడి వంద ఓడలను తమ యజమానులకు ఇప్పించింది. ప్రభుత్వం తాను ఓడలు నడపలేదు, ఉచితంగా సొమ్ము పంచలేదు, అప్పుకు హామీ మాత్రమే ఇచ్చింది. ఆ వంద ఓడల మీద ఒక తరం నిలదొక్కుకుంది. జపాన్‌లో షికోకు దీవి మీద ఇమబరి అనే పట్నం ఉంది. అక్కడి ఓడల యజమానులూ కుటుంబాలే. వాళ్ళు ఓడ కట్టించే ముందే పెద్ద షిప్పింగ్ కంపెనీతో ఏళ్ళ తరబడి సాగే కిరాయి ఒప్పందం రాయించుకుంటారు, ఆ ఒప్పంద పత్రాన్ని చూసి స్థానిక బ్యాంకు అప్పిస్తుంది. బ్యాంకు మేనేజరుకు ఆ కుటుంబం తెలుసు, వాళ్ళ తాత తెలుసు. ఓడ ఏ సముద్రంలో ఉన్నా యజమాని ఆ వీధిలోనే ఉంటాడు.

మన దేశంలో ఈ పని మొదలవ్వక పోలేదు. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ తదితరులు సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి, ఏప్రిల్ 5న లాయల్టీ అనే ఓడను బొంబాయి నుంచి లండన్‌కు పంపారు. బ్రిటిష్ కంపెనీలు కిరాయిలు కోసి దాన్ని దెబ్బతీయాలని చూసినా అది దశాబ్దాల పాటు నిలబడింది. విశాఖలో ఓడలు కట్టే యార్డు పెట్టింది కూడా ఆ కంపెనీయే, ఆ ప్రాంతాన్ని విశాఖవాసులు ఇప్పటికీ సింధియా అనే పిలుస్తారు. 1948లో అక్కడ జల ఉష నీటిలోకి దిగింది. అదే ఏడాది బొంబాయిలో రెండు కుటుంబాలు కలిసి గ్రేట్ ఈస్టర్న్ షిప్పింగ్ స్థాపించాయి.

ఇక్కడ నా వాదానికి ఎదురయ్యే బలమైన ఉదాహరణ ఈ గ్రేట్ ఈస్టర్నే. దాని వాటాలు స్టాక్ మార్కెట్‌లో ఉన్నాయి, అయినా అది మార్కెట్ ఎగుడుదిగుళ్ళను తట్టుకుని నిలబడింది. కాబట్టి ప్రైవేటు కంపెనీ అయితేనే ఓపిక ఉంటుందనడం పూర్తి నిజం కాదని ఒప్పుకుంటాను. అయితే వాటాలు ఎందరి చేతిలో ఉన్నా, దాన్ని ఈనాటికీ నడుపుతున్నది స్థాపకుల కుటుంబమే. 2020లో ఆ కంపెనీ ఓడ జగ్ ఆనంద్ ఆస్ట్రేలియా బొగ్గుతో చైనాలోని జింగ్‌టాంగ్ రేవు బయట చిక్కుకుపోయింది. చైనా ఆ బొగ్గును దింపుకోనివ్వలేదు, సిబ్బందిని మార్చుకోనివ్వలేదు. 23 మంది భారతీయ నావికులు జూన్ నుంచి మరుసటి జనవరి దాకా లంగరు మీదే ఉన్నారు. చివరకు సరుకు దించకుండానే ఓడను జపాన్‌లోని చిబా రేవుకు తీసుకుపోయి, మనుషులను ఇంటికి పంపారు. వాళ్ళ కుటుంబాలకు ఆ నెలలన్నిటా అడగడానికి ఒక తలుపు ఉంది, బొంబాయిలో ఒక కార్యాలయం ఉంది. నేను కోరుకుంటున్నది ఆ తలుపునే.

ఆ తలుపు లేకపోతే ఏమవుతుందో నేను దగ్గర నుంచి చూశాను. ఒకానొక పాత ఓడ రేవు బయట, ఓడలు లంగరేసే యాంకరేజిలో ఆగిపోయింది. చార్టరరు కిరాయి కట్టలేదని యజమాని కంపెనీ, ఓడలో లోపాలున్నాయి కాబట్టి కట్టనని చార్టరరు, ఇద్దరూ ఉత్తరాలు రాసుకుంటూ కూర్చున్నారు. మధ్యలో ఓడ మీద నీళ్ళు తరిగాయి, కూరగాయలు అయిపోయాయి, జనరేటరు నడపడానికి డీజిలు పొదుపు చేయవలసి వచ్చింది. క్యాప్టెన్ రోజూ రేడియోలో అడిగేవాడు. మేము రిజిస్ట్రేషన్ పత్రంలోని చిరునామాకు రాస్తే, అది ఒక లాయరు కార్యాలయమని, వందలాది కంపెనీలకు అదే చిరునామా అని తెలిసింది. మేనేజరు తన ఒప్పందం ముగిసిందన్నాడు. చివరకు మా ఆఫీసు చేతి డబ్బులతో బియ్యం, నీళ్ళు పంపించాం. ఆ ఓడ ఎట్లాగో కదిలి వెళ్ళిపోయింది, ఆ నావికులకు జీతాలు అందాయో లేదో మాకు ఎవరూ చెప్పలేదు.

ఇది అరుదైన సంగతి కాదు. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క ప్రకారం 2024లో 312 ఓడలను, వాటి మీది 3,133 మంది నావికులను యజమానులు నడి సముద్రంలోనో పరాయి రేవులోనో వదిలేశారు. వాళ్ళలో అందరి కన్నా ఎక్కువమంది భారతీయులు. నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందానికి 2017 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, వదిలేసిన నావికులకు నాలుగు నెలల జీతమూ ఇంటికి చేరే ఖర్చూ వచ్చేలా ప్రతి ఓడకూ ఆర్థిక హామీ ఉండాలి. నిజమైన బీమా ఉన్న ఓడలో అది పనిచేస్తుంది. బీమాయే నకిలీదైతే ఎవరిని అడగాలి? 2009 సెప్టెంబరులో పారాదీప్ దగ్గర బ్లాక్ రోజ్ అనే ఓడ ఇనుప ఖనిజపు పొడితో మునిగిపోయింది. అది నమోదైంది సముద్రమే లేని మంగోలియాలో, దాని మీద ఎగిరింది ఆ దేశపు జెండా. మునిగాక చూస్తే దాని బీమా పత్రం నకిలీదని తేలింది. ఓడ శిథిలం, అందులోని నూనె మన తీరానికి మిగిలాయి.

ఆ ప్రమాదం మనకు దూరపు కథ కాదు. ఆ రోజుల్లో బళ్ళారి, హోస్పేట నుంచి ఇనుప ఖనిజం పొడి రైళ్ళలో, లారీల్లో కృష్ణపట్నానికి వచ్చి చైనాకు ఓడెక్కేది. ఆ పొడి వానలో తడిస్తే చూడటానికి గట్టిగానే ఉంటుంది, కానీ ఓడ కుదుపులకు అందులోని నీరు పైకి ఉబికి, సరుకంతా బురదగా మారి ఒక పక్కకు జారిపోతుంది. ఆ తర్వాత ఓడ ఒరిగిపోవడానికి ఎంతో సేపు పట్టదు. 2015 జనవరి 2న మలేషియాలోని క్వాంటన్ నుంచి బాక్సైట్‌తో బయల్దేరిన బల్క్ జూపిటర్ వియత్నాం తీరానికి ఆవల మునిగినప్పుడు 19 మందిలో ఒక్కడే బతికాడు. సరుకులో తేమ ఎంత శాతం దాటకూడదో సరుకు పంపేవాడు ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఇవ్వాలి, దాటితే ఎక్కించుకోనని చెప్పవలసింది క్యాప్టెన్. ఓడ ఆలస్యానికి రోజుకు వేల డాలర్ల డెమరేజి లెక్క నడుస్తుండగా అట్లా చెప్పడానికి అతని వెనక ఒక యజమాని నిలబడాలి. తన పేరు బయటికి రాదనుకునే యజమాని నిలబడడు.

పేరున్న యజమాని ఓడకు ప్రమాదం జరగదా అంటే, జరుగుతుంది. 2020 జులై 25న వకాషియో అనే కేప్‌సైజ్ ఓడ మారిషస్ పగడపు దిబ్బల మీదికెక్కి, సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రంలో కలిసింది. పనామా జెండా, భారతీయ క్యాప్టెన్, జపాన్ చార్టరరు మిత్సుయ్ ఓఎస్‌కే, యజమాని జపాన్‌లోని నాగషికి అనే ప్రైవేటు కంపెనీ. ఆ తప్పు చిన్నది కాదు, ఆ నష్టాన్ని ఏ క్షమాపణా పూడ్చదు. అయినా యజమాని ఎవరో వెతకవలసిన పని మారిషస్ ప్రజలకు కలగలేదు. యజమానీ, చార్టరరూ జపాన్‌లో బహిరంగంగా తల వంచారు, బాధ్యత గురించి మాట్లాడారు. మన తీరంలో అటువంటిది జరిగితే, పులికాట్ ముఖద్వారంలో నూనె చేరితే, మనం ఎవరి ఇంటి తలుపు తడతామో ఒక్కసారి ఆలోచించండి.

మన తీరానికి ఈ ఆలోచన కొత్తది కాదు. 2022 వరకు ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన మోటుపల్లిలో, వీరభద్రస్వామి గుడిలో కాకతీయ గణపతిదేవుడి శాసనం ఉంది. అది 1244-45 నాటిది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకునంతా పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రమెక్కే సాహసికుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, తాను నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని అందులో రాజు మాట ఇచ్చాడు. ఆ మాటను రాతి మీద, తన పేరుతో చెక్కించాడు. ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ రేవు ప్రాంతాన్ని వర్ణించే నాటికి ఇక్కడి సన్నని వస్త్రాలకూ వజ్రాలకూ దేశదేశాల్లో పేరుంది. ఓడల వ్యాపారం అంతా దూరం నుంచి ఇచ్చిన మాట మీద నడుస్తుంది గనుక, మాట ఇచ్చినవాడెవడో తెలియడం ఆ వ్యాపారానికి పునాది. ఏడున్నర శతాబ్దాల కిందటే ఆ సంగతి ఎరిగిన తీరం మనది.

మరి మన యజమానులు ఎందుకు తగ్గిపోయారు? కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో స్వయంగా ఇచ్చిన లెక్క ప్రకారం, 1987-88లో మన విదేశీ సరుకులో 40.7 శాతం భారతీయ ఓడలు మోసేవి, 2018-19కి అది 7.8 శాతానికి దిగింది. ఆ ఒక్క ఏడాది విదేశీ ఓడలకు మన దేశం కట్టిన కిరాయి సుమారు 5,300 కోట్ల డాలర్లు. కారణాలూ ప్రభుత్వమే చెప్పింది. మన యజమానికి అప్పు వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. ఓడ కొని తెచ్చుకుంటే దాని మీద జీఎస్టీ. భారతీయ జెండా ఓడ మీద పనిచేసే నావికుడి జీతం మీద పన్ను. విదేశీ జెండా కింద నడిచే ఓడకు ఇవేవీ లేవు. అప్పుడు ప్రభుత్వ సరుకు టెండర్లలో పాల్గొనే భారతీయ ఓడలకు అయిదేళ్ళలో 1,624 కోట్ల రూపాయల సబ్సిడీ ప్రకటించారు. 2025 సెప్టెంబరులో ఓడల నిర్మాణానికీ సముద్ర రంగానికీ 69,725 కోట్ల రూపాయల ప్యాకేజీ ఆమోదించారు. మంచిదే. అయితే ఈ సొమ్ములో అధిక భాగం యార్డులకూ మౌలిక వసతులకూ వెళుతుంది, యజమాని పుట్టడానికి కావలసింది అది కాదు. అతనికి కావలసింది నమ్మకమైన సరుకు.

దిగుమతి బొగ్గు కొనే పద్ధతి చూడండి. మనవాళ్ళు చాలాసార్లు మన రేవు దాకా చేర్చిన ధరకు కొంటారు. ఓడను ఎంచుకునే హక్కు అమ్మేవాడిదవుతుంది. అతను తన దేశపు ఓడనో, ఆ రోజు చవకగా దొరికిన ఓడనో పంపుతాడు. ఎక్కించే రేవు దగ్గరే సరుకు కొని ఓడను మనమే కుదుర్చుకుంటే ఆ ఎంపిక మన చేతిలో ఉంటుంది. పారాదీప్ నుంచి వచ్చే తీరప్రాంతపు బొగ్గు విషయంలో ఆ చిక్కు కూడా లేదు: సరుకు మనది, ఎక్కేది మన రేవు, దిగేది మన రేవు, కొనేది మన ప్రభుత్వ సంస్థ. ఓడల యజమానిని పుట్టించడానికి ఇంతకన్నా అనువైన సరుకు ప్రపంచంలో ఎక్కడా ఉండదు.

పెట్టుబడి ఎక్కడుందని అడుగుతారు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటును దేశదేశాలకు పంపిన కుటుంబాలున్నాయి. నెల్లూరు బియ్యపు మిల్లర్లున్నారు, రొయ్యల ఎగుమతిదారులున్నారు, దేశమంతటా రోడ్లూ ఆనకట్టలూ కట్టిన కాంట్రాక్టర్లున్నారు. ధర పడిపోయిన ఏడాది ఎట్లా తట్టుకోవాలో వీళ్ళకు పుస్తకాలు చెప్పనక్కరలేదు. ఈ సొమ్ములో ఎక్కువ భాగం హైదరాబాదులో, బెంగళూరులో, చెన్నైలో స్థలాల మీదికి వెళుతోంది. ఒక కుటుంబానికి కష్టమైతే నాలుగు కుటుంబాలు కలిసి పదేళ్ళ వయసున్న సుప్రామాక్స్ ఓడ ఒకటి కొనవచ్చు. 50,000 టన్నులు మోసే ఆ తరగతి ఓడలకు సొంత క్రేన్లు ఉంటాయి, చిన్న రేవులకూ వెళ్ళగలవు. నడపడానికి మనుషులకు కొరత లేదు. ప్రపంచ నావికుల్లో దాదాపు పదోవంతు భారతీయులే, వాళ్ళలో తెలుగు క్యాప్టెన్లు, ఇంజనీర్లు ఎందరో పరాయి యజమానుల ఓడలను నిక్షేపంగా నడుపుతున్నారు. కియోస్ దీవి యజమానుల్లో చాలామంది ఒకప్పటి క్యాప్టెన్లేనని వీళ్ళకు గుర్తు చేయాలనిపిస్తుంది.

బొగ్గుకు రోజులు దగ్గరపడ్డాయి కదా, ఇప్పుడు బొగ్గు ఓడలేమిటని నా స్నేహితుడొకాయన వాదిస్తాడు. బొగ్గు తగ్గాలనే నేనూ కోరుకుంటాను, నేలటూరు బూడిద నా వాళ్ళ ఊపిరితిత్తుల్లోకీ పోతోంది. కానీ బల్క్ ఓడ బొగ్గు కోసమే పుట్టలేదు. బొగ్గు దింపిన హోల్డును, అంటే ఓడలో సరుకు నింపే గదిని, ఊడ్చి, ఉప్పునీటితో కడిగి, మంచినీటితో మళ్ళీ కడిగి, ఆరబెట్టి, సర్వేయరు తెల్లటి చేతిరుమాలుతో గోడ తుడిచి చూసి సరేనంటే అదే ఓడ ధాన్యం ఎక్కించుకుంటుంది. మంగంపేట బెరైటీసు, గూడూరు వైపు సిలికా ఇసుక, గ్రానైటు దిమ్మలు, పొలాలకు వచ్చే ఎరువులు, ఇవన్నీ దాని సరుకులే. మనిషి తినే తిండీ కట్టుకునే ఇల్లూ ఉన్నంత కాలం ఆ ఓడకు పని ఉంటుంది.

ప్రజల సొమ్ముతో డబ్బున్నవాళ్ళను ఓడల యజమానులను చేయడం న్యాయమా అన్న ప్రశ్న ఇంతకన్నా బరువైనది. ఉచితంగా ఇస్తే న్యాయం కాదు. అందుకే నేను సబ్సిడీ అడగడం లేదు, కాంట్రాక్టు అడుగుతున్నాను. మన జెన్‌కో పారాదీప్ నుంచి తెచ్చుకునే బొగ్గులో ఒక భాగాన్ని, నాలుగోవంతు చాలు, ఏడు నుంచి పదేళ్ళ ఒప్పందం మీద ఈ తీరంలో నమోదైన కొత్త కంపెనీలకు పోటీ టెండరు ద్వారా ఇవ్వాలి. కిరాయి మార్కెట్ సూచీతో ముడిపడి, పైనా కిందా హద్దులతో ఉండాలి, అప్పుడు మార్కెట్ పడినప్పుడు యజమాని మునగడు, పెరిగినప్పుడు ప్రభుత్వం మోసపోదు. ఆ ఒప్పందాన్ని చూసి మన బ్యాంకులు అప్పివ్వగలుగుతాయి. ఓడ భారతీయ జెండా కింద ఉండాలి. కంపెనీలో పదోవంతుకు మించి వాటా ఉన్న ప్రతి మనిషి పేరూ టెండరు పత్రంతో పాటు ప్రజలందరూ చూసేలా ప్రకటించాలి. నావికుల ఆరు నెలల జీతానికి సరిపడా బ్యాంకు గ్యారంటీ మొదటి ఓడ బెర్తుకు ఆనకముందే జమ కావాలి. రామాయపట్నంలో బెర్తు ఛార్జీలు నిర్ణయించేటప్పుడే, అసలు యజమాని పేరు ప్రకటించిన ఓడకు, అది ఏ దేశపు జెండాదైనా సరే, ఛార్జీలో కొంత తగ్గింపు ఉంటుందని రాష్ట్రంలోని రేవులను చూసే మారిటైమ్ బోర్డు ఒక నిబంధన రాయవచ్చు. ఖర్చు తక్కువ, చట్టసభ దాకా వెళ్ళనక్కరలేదు. పేరు చెప్పడానికి ఇష్టపడని యజమాని పూర్తి ఛార్జీ కట్టుకుంటాడు.